బెంగపెట్టుకున్న చేప

తెల్ల చేప మూడు రోజులుగా మేత ముట్టలేదు. తొట్టి అడుగున ఓ పక్కకి ఒరిగి, ఎర్రటి కళ్లతో ఎటో చూస్తూ పడి ఉంది.

పిన్నికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ ఇంట్లో అందరికీ ఆవిడ పిన్నే. పోయిన పెద్దమ్మగారికి దూరపు చుట్టం. వరసకు పిన్ని, పని దగ్గరికొస్తే వంటమనిషి, ఆయా, కాపలాదారు, అన్నీనూ.

పెద్దమ్మగారికి ఆ చేపంటే ప్రాణం. పోయేముందు కాగితం మీద రాయించి మరీ పోయింది. చేప ఉన్నన్నాళ్లూ పిన్ని ఈ ఇంట్లోనే ఉండి దాన్ని చూసుకోవాలి. చేప పోయిన రోజున వెనక వీధి వైపున్న రెండు గదుల వాటా పిన్నిది.

"ఇలాంటి తెల్లవి ఆట్టే కాలం బతకవటే. రెండేళ్లు, మహా అయితే మూడు. నీకేం పెద్ద శిక్ష వెయ్యడం లేదులే," అని నవ్వింది కూడా.

ఎనిమిదేళ్లయింది. చేప ఇంకా ఉంది. ఆ రెండు గదుల్లో పెద్దమ్మగారి కొడుకు 'తాత్కాలికంగా' ఆఫీసు పెట్టుకున్నాడు. వేరే ఊళ్లో పిన్ని చెల్లెలు ఎవరి పంచనో పడి ఉంటూ, మోకాళ్ల నొప్పులతో, అక్కకి సొంత వాటా ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తోంది.

"ఇంకెన్నాళ్లక్కా?" అనేది ఫోనులో.

"దాని ఆయుష్షు నా చేతిలో ఉందటే?" అనేది పిన్ని.

ఉందేమోనని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. నాలుగు రోజులు మేత మానేస్తే చాలు. తొట్టి మీద కప్పిన గుడ్డ తీసేసి ఎండ పడనిస్తే చాలు; ఆ కళ్లు వెలుతురుకు ఆగవు. ఆ ఆలోచన రాగానే గబగబా లెంపలేసుకునేది. మేత ఎదురుగా ఉన్నా కనబడక తడుముకునే ప్రాణి అది. వేళ్లతో పట్టుకుని మూతి దగ్గర పెడితేగానీ తినదు. అలాంటిదాన్ని చంపుకుని గదులు సంపాదిస్తే కంటికి నిద్ర పడుతుందా?

పైగా దానికి తనంటే ఎంత ప్రేమో నాలుగుసార్లు తేలింది.

ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా బలవంతాన ఆవిడను చెల్లెలి దగ్గరికి పంపేవారు. "చేప నలతగా ఉంది, ఇప్పుడెలా వెళ్లను?" అంటే, "మేం లేమా? మందు వేయిస్తాం, నువ్వు వెళ్లు పిన్నీ," అనేవారు. రెండు రోజులుండి వచ్చేసరికి చేప గండం గడిచి తిరుగుతూ ఉండేది. కానీ చిక్కి సగమయ్యేది.

"నీ మీద బెంగ పిన్నీ," అనేది పెద్దమ్మగారి కోడలు.

చెయ్యి పెడితే దగ్గరికి వచ్చేది కాదు. రాయి వెనక దాక్కునేది. వదిలేసి వెళ్లానని అలిగింది అనుకునేది పిన్ని. వారం పది రోజులు బతిమాలితేగానీ మళ్లీ వేళ్ల దగ్గరికి చేరేది కాదు. ఆ అలక తలుచుకుని ఆవిడ చాటుగా ఏడ్చేది. తన కోసం బెంగపెట్టుకునే ప్రాణి ఈ ఇంట్లో అదొక్కటే మరి.

ఈ పొద్దున కోడలు మళ్లీ అదే మాట ఎత్తింది.

"శనివారం వెళ్లి మీ చెల్లెల్ని చూసిరా పిన్నీ."

"దీన్నిలా వదిలేసా? ఈసారి బెంగతో చచ్చే ఊరుకుంటుంది. నేను వెళ్లనమ్మాయ్."

"టిక్కెట్టు కూడా తీసేశారాయన. మొండికెయ్యకు."

కోడలు బజారుకు వెళ్లగానే పిన్ని చేపను నీళ్లతో సహా మూతగిన్నెలోకి తీసుకుంది. మేత డబ్బా మీదున్న చిరునామా పట్టుకుని బయల్దేరింది. ఆ కొట్టు ముఖం చూడడం అదే మొదలు. మేతైనా మందైనా అన్నాళ్లూ పెద్దమ్మగారి అబ్బాయే తెచ్చేవాడు.

గోడ నిండా తొట్లు. బుడబుడమంటూ బుడగల చప్పుడు. కొట్టతను గిన్నెలోకి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"రేపో ఎల్లుండో అమ్మా. తెల్లవాటి బతుకే అంత. రంగు చెడకూడదని అన్నాచెల్లెళ్లకే జత కలుపుతారు. ఇంక చూపేముంటుంది, సత్తువేముంటుంది? కొనేవాళ్లకి కంటికింపుగా ఉంటే చాలు. రెండేళ్లు బతికితే గొప్ప."

ఎనిమిదేళ్లన్న మాట పిన్ని నాలిక చివరిదాకా వచ్చింది. దిష్టి తగులుతుందని మింగేసింది.

"ఎలాగైనా బతికించు నాయనా," అంది. అంటుంటే రెండు గదులూ, చెల్లెలి మోకాళ్లూ కళ్లముందు మెదిలాయి. అయినా అంది. "నేనంటే ప్రాణం దీనికి."

కొట్టతను జాలిగా చూసి గిన్నె మీద మూత పెట్టేశాడు.

"ఏ ఇల్లమ్మా మీది?"

"మూడో వీధిలో నీలం గేటు."

అతని మొహం విప్పారింది. మూలనున్న తొట్టి వైపు చెయ్యి చూపించాడు.

"నీలం గేటు సారు తాలూకా! మరి ముందే చెప్పరేం? సారు నిన్ననే ఫోన్ చేశారు, అదిగో, అయిదోది కూడా తీసిపెట్టాను. మీ ఇంట్లో ఎవరో పిన్నిగారట, ఆవిడ శనివారం ఊరెళ్లగానే ఎప్పట్లాగే తెచ్చి తొట్టిలో వదిలేస్తాను, కాస్త చిన్నదే గానీ ఫర్వాలేదు, బెంగతో చిక్కిందని చెప్పుకుంటారట."