మేజా కింద అరలు

“ఇది మేజానా, చెత్తకుప్పా?”

తహసీల్దారుగారి గొంతు కచేరీ అంతా వినిపించింది. గుమాస్తా చలపతి తల వంచుకున్నాడు.

“సోమవారం తనిఖీకి దొరగారు పడవ దిగుతారు. అప్పటికీ ఇలాగే ఉంటే నీ ఉద్యోగం నేను కాపాడలేను.”

కుప్ప మాట నిజమే. పదకొండు నెలలుగా వచ్చిన అర్జీలు మడత విప్పకుండానే మేజా మీద గుట్టగా పడి ఉన్నాయి.

అర్జీదారులు వసారా దాటి లోపలికి రాకూడదన్నది అక్కడి పద్ధతి. బంట్రోతు చిట్టియ్య కాగితం లోపలికి తెస్తాడు, జవాబు బయటికి మోస్తాడు.

చలపతి జవాబు ఎప్పుడూ ఒకటే: “రేపు రమ్మను.”

ఎవరిని రమ్మంటున్నాడో ఏనాడూ తల తిప్పి చూడలేదు. మహా తీరిక లేని మనిషి మరి! పొడుం పీల్చడానికే పూట చాలదు.

“చిట్టియ్యా, ఈ మేజా కింద రెండు అరలు కొట్టేవాడెవడైనా దొరుకుతాడా? చవగ్గా కావాలి.”

చిట్టియ్య బయటికి వెళ్లి ఒకణ్ణి పిలుచుకొచ్చాడు. బక్కమనిషి. మోకాళ్ల దాకా బురద.

“వడ్రంగివా?”

“కాదండి బాబూ. చేపలు పట్టుకుంటామండి. నావలు మేమే బాగుచేసుకుంటామండి.”

“ఎంత తీసుకుంటావు?”

“ఏమొద్దండి. పాత నావ చెక్కలున్నాయండి. తెచ్చి బిగించేత్తానండి.”

ఊరికే వస్తుంటే వద్దనేంత పిచ్చివాడు కాదు చలపతి. తువ్వాలు సర్దుకుని ఎడంగా జరిగి నిలబడ్డాడు.

ఆ మనిషి రెండు రోజులు మేజా కింద దూరి పనిచేశాడు. చెక్కలు గీకి నున్నచేశాడు. మేకులు చాలనిచోట కొబ్బరితాడుతో బిగించాడు. చలపతి అతని పేరైనా అడగలేదు.

“అయ్యిందండి. ఆ కాయితాలు ఒక్కోటీ విప్పి పెట్టుకోండి బాబూ. మడత మీదుంటే చెద పడతాదండి.”

“సరేలే.”

“ఇప్పుడే విప్పుతారాండి?”

“నీకెందుకయ్యా? వెళ్లు.”

అతను మెట్ల దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి చూసి, వెళ్లిపోయాడు.

చలపతి గుట్టను ఉన్నదున్నట్టు రెండు చేతులా ఎత్తి అరల్లోకి తోసేశాడు.

సోమవారం దొర ఖాళీ మేజా చూసి మెచ్చుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

నెల తిరక్కుండానే గోదారి పొంగింది. ఏటిగట్టుకు గండి పడి, దిగువనున్న జాలర్ల పేట మొత్తం కొట్టుకుపోయింది.

తహసీల్దారు పరుగున వచ్చాడు.

“గట్టు బీట వారిందని ముందుగా ఎవరైనా అర్జీ పెట్టుకున్నారా? దొరగారు అడుగుతున్నారు.”

చలపతి అరల్లోని కాగితాలన్నీ కింద పోసి, ఒక్కోటీ విప్పాడు. అన్నిటికన్నా అడుగున దొరికింది.

‘మా పేట వద్ద ఏటిగట్టు బీట తీసినది. వచ్చే వరదలోగా మట్టి పోయించవలెను.’

దాదాపు ఏడాది నాటిది. చివర పల్లంరాజు అనే పేరు, పక్కనే చేవ్రాలు రానివాడు గీసిన గీత.

“వీడు బతికున్నాడా చిట్టియ్యా?”

“లేడండి. గట్టు పక్కన మొదటి గుడిసె ఆళ్లదేనండి. పెళ్లాం, ముగ్గురు పిల్లలు... ఎవరూ దొరకలేదండి.”

చలపతి కాగితం మళ్లీ మడవబోయాడు. చేతులు రాలేదు.

“ఇన్ని నెలల్లో ఒక్కసారైనా వచ్చి అడగలేదేంరా?”

“రోజూ వచ్చేవోడండి. మీరు రేపు రమ్మన్నారని చెబితే దణ్ణం పెట్టి ఎళ్లిపోయేవోడండి. గట్టిగా అడిగితే అర్జీ అడుక్కి పోద్దని నేనే బెదిరించానండి.”

చిట్టియ్య ఏడుస్తూ గోడకు జారగిలబడ్డాడు.

“మీకు ఈ అరలు కొట్టిచ్చింది అతనేనండి.”