పేరమ్మ చెయ్యి

“కుళ్ళిన బొచ్చె చేపలకి మొప్పల్లో రంగు పూసి అమ్మిన చెయ్యి కదా, పడిపోక ఏమవుద్ది?”

గుమ్మం బయటే ఉష కాళ్ళు ఆగిపోయాయి. లోపల మంచం మీద తన తల్లి పేరమ్మ. తల దగ్గర నిలబడి తిడుతున్నది వదిన నాగలక్ష్మి. ఇరుగుపొరుగు చెప్పింది అబద్ధం కాదన్నమాట.

పేరమ్మంటే సామాన్యురాలా? ఇబ్రహీంపట్నంలో చేపల తట్ట ముందు కూర్చుని ఆమె ఒక్క కేక వేస్తే, చచ్చిన కొరమేను కూడా లేచి కృష్ణలోకి దూకేదని చెప్పుకుంటారు. అంతటి మనిషికి నరాల జబ్బు చేసి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. నోరు మాత్రం బాగానే ఉంది. అయినా కోడలికి ఒక్క మాట బదులు చెప్పడం లేదు. కళ్ళు ఎర్రబడుతున్నాయి. చచ్చుబడిన వేళ్ళు దుప్పటిని పట్టుకోబోతున్నాయి.

ఉష లోపలికి దూసుకొచ్చింది.

“సిగ్గుందా వదినా? పటమట డాక్టరు గారు ఏం చెప్పారు? తీగ మీద రబ్బరు ఊడినట్టు నరాల మీద పొర ఊడిందన్నారు. కదపాలని అమ్మకే పట్టుదల పుట్టి, నరంలో కరెంటు పారితే, లోపల కాల్షియం కదిలి ఆ పొర మళ్ళీ కట్టుకుంటదన్నారు. నీ తిట్లకి ఉన్న నరాలు కూడా చస్తాయి!”

“ఓహో, గుణదల నుంచి డాక్టరమ్మ దిగింది! మూడు పూటలా తినిపించేది, కడిగేది ఎవరంట? చుట్టపుచూపుగా బత్తాయిలు తెచ్చే నువ్వా?”

“ఆటో తెచ్చా. అమ్మని తీసుకుపోతున్నా. ఇంక ఈ గడప తొక్కం.”

ఉష తల్లి బట్టలు మూట కట్టింది. భుజాల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టింది.

నాగలక్ష్మి ముఖం పాలిపోయింది. చటుక్కున అడ్డమొచ్చి, అత్త ముఖంలో ముఖం పెట్టింది.

“పో ముసలమ్మా, పో! తక్కెడ కింద చింతపండు అంటించి తూకం కొట్టావని గుణదలంతా చాటింపేయిస్తా!”

పేరమ్మ చెయ్యి లేచింది. కోడలి చెంప ఛెళ్ళుమంది.

“బాగా కొట్టావమ్మా! తగిన శాస్తి!” అని అరిచింది ఉష.

నాగలక్ష్మి చెంప పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో అత్త వంక చూసింది.

“చెయ్యొచ్చిందే నాగలచ్చిమీ,” అంది పేరమ్మ రొప్పుతూ, “రేపట్నించి ఇంకా గట్టి తిట్లు నేర్పుతా, కాళ్ళు కూడా లేవాలి.”