మొగలిపండు రొట్టె

"నికోబార్ రొట్టె చాలా ఫేమస్ అంట కదా! పెళ్లికి అదైనా తేకుండా వట్టి చేతులతో వచ్చిందేంటి మీ వియ్యపురాలు?"

కాకినాడ నుంచి వచ్చిన సుందరి ఆడపడుచు ఫేబే పంక్తిలో అందరికీ వినబడేలా అడిగింది. వడ్డిస్తున్న సుందరి చేతిలో గరిటె ఆగిపోయింది.

కోడలి తల్లి రెబెకా మొగలిపండు రొట్టె చేసి నికోబార్ నుంచి ఓడలో మోసుకొచ్చింది. చుట్టాలు చూసి నవ్వుతారని సుందరే దాన్ని బియ్యం బస్తా వెనక దాచింది. ఇందాక మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన రెబెకా దాన్ని అక్కడ చూసింది. చూసి కూడా మామూలుగా వచ్చి పంక్తిలో కూర్చుంది.

ఇప్పుడు తల దించుకుంది.

"మాఫ్ కరో దీదీ. జల్దీలో ఇంటి దగ్గరే మర్చిపోయాను."

సుందరి గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఆకు పొట్లంతో తిరిగొచ్చింది.

"ఆవిడ మర్చిపోలేదు వదినా. నేనే సిగ్గుపడి దాచాను."

సుందరి ఒక ముక్క తీసి రెబెకా విస్తట్లో పెట్టింది. రెబెకా దాన్ని తుంచి, సగం సుందరి చేతికే ఇచ్చింది.

"నువ్వూ తిను దీదీ. తియ్యగానే ఉంటుంది."

సుందరి తిన్నది. కానీ రెబెకా ముఖంలోకి చూడలేకపోయింది.