తొలి ఎపిసోడ్‌లో తుమ్ము

"ఆపు. కొంచెం ఎనక్కి తిప్పు," అన్నాడు వీరాంజనేయులు.

వందన రిమోట్ నొక్కింది. టీవీలో ఆమే మళ్లీ గడప దాటబోయింది. నుదుట బొట్టు, వీపున బ్యాగు, ముఖం నిండా నవ్వు. సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి ఎవరో గట్టిగా తుమ్మారు. తెర మీది వందన ఆగి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, అమ్మ అందించిన మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరింది.

మనుషుల్ని అడవిలో వదిలేసి, చివరిదాకా ఎవరు నిలుస్తారో చూపించే షో అది. కిందటేడు గురజాల పక్కనున్న ఈ ఊరి నుంచి వందన దానికి ఎంపికైతే, మిర్చి రైతు వీరాంజనేయులు కూతురి బొమ్మతో రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టించాడు. షో వాళ్లు ఇంటికే వచ్చి ప్రయాణం చిత్రీకరించారు. కొత్త చొక్కా తొడుక్కుని పొద్దుటి నుంచి కెమెరా చుట్టూ తిరిగిన మనిషి, తీరా అసలు సమయానికి కారు తాళాలు వెతకడానికి లోపలికి పోయి, తెర మీద లేకుండా పోయాడు. అదొక ఉక్రోషం. దానికి తోడు వందన మొదటి సాయంత్రమే ఏటి బండ మీద జారి, మడమ బెణికి, ఇంటికి వచ్చేసింది. ఇంకేముంది, పాపమంతా తుమ్ముదే అయింది.

మిర్చి కల్లం పక్కనున్న ఇంట్లో తుమ్మిందెవరని వెతకడం, చేపల బజార్లో నీచు వాసన ఎవరి దగ్గర్నుంచని అడగడం లాంటిది. ఆ మాట ఆయనకి చెప్పేదెవరు? ఆ రోజు వంటింట్లో పులిహోర పోపు వేస్తున్నది నకరికల్లు నుంచి వచ్చిన చెల్లెలు వీరరాఘవమ్మ. నేరం ఆమె నెత్తిన పడింది. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

"నాన్నా, వాళ్లకి సాయంత్రంలోగా చెప్పాలి," అంది వందన.

పొద్దున షో వాళ్లు ఫోన్ చేశారు. కొత్త సీజన్‌కి మళ్లీ వస్తావా అని అడిగారు.

"తుమ్మిందెవరో ముందు తేలనీ. నువ్వు పొయ్యే పూట వాళ్లని దూరంగా పెట్టి, అప్పుడు పంపిచ్చేది ఆలోచిద్దాం."

"ఏడాది నుంచి తేలనిది ఈ పూట తేలుద్దా?"

"ఇంకోసారి తిప్పు."

"ఆ తుమ్ముని అరగదీసి తాగేట్టున్నారు," అని వంటింట్లోంచి అమ్మ గొణిగింది.

వందన ఈసారి రిమోట్ వదిలేసింది. తెర మీద ఇల్లు పోయి ఏరు వచ్చింది. తండ్రి చూసేది గడప కోసమైతే, ఆమె చూసేది ఈ ఏటి కోసం. బయట ఎండ పెళపెళలాడుతోంది. తలుపులు మూసిన గదిలో తెర మీది పచ్చదనం గోడల మీదకు పాకింది. కొండల నడుమ మంచు నెమ్మదిగా లేస్తోంది. పడవ చప్పుడు లేకుండా సాగుతోంది. చూస్తూ చూస్తూ వందన కూడా అందులోకి జారిపోయింది. అరికాళ్లకు తడి ఆకులు తగిలాయి. ఎక్కడో ఓ పిట్ట ఒక్క కూత కూసి ఊరుకుంది. ఆ రోజు తనను బండ మీది నుంచి ఎత్తుకొస్తుంటే ఎంత ఏడ్చిందో. నొప్పికి కాదు, ఆ అడవిలో ఒక్క రాత్రయినా నిద్రపోలేదని. ఇప్పటికీ మిరపచేలో నిలబడితే ఆ నీళ్ల చప్పుడే చెవుల్లో వినిపిస్తుంది. మళ్లీ వెళ్లాలి. కానీ తండ్రి మనసు కష్టపెట్టి వెళితే ఆ అడవి కూడా ఆమెకు రుచించదు.

లేచి పెరట్లోకి వెళ్లి మేనత్తకు ఫోన్ చేసింది.

"అత్తా, నిజం చెప్పు. ఆ రోజు తుమ్మింది నువ్వేనా?"

"లేదే తల్లీ. పోపు ఘాటుకి తుమ్మొస్తదేమోనని ముందే ముక్కుకి కొంగు కట్టుకున్నా. బిడ్డ శుభమా అని పోతంటే తుమ్ముతానా?" అంది వీరరాఘవమ్మ. "సరేగాని, తుమ్మింది నేనేనని మీ నాన్నకి చెప్పు."

"అదేంది అత్తా?"

"ఒప్పుకుందని చెప్పు. నువ్వు పొయ్యే పూట ఆ గడప తొక్కదంట అని కూడా చెప్పు. టీవీలో చూసుకుంటాగా నిన్ను. నువ్వు పో."

వందన ఫోన్ పెట్టేసింది. బడికి వెళ్లిన మొదటి రోజు నుంచి ఏ మంచి పనికి బయల్దేరినా, నవ్వుతూ ఎదురొచ్చేది ఆ అత్తే. కిందటేడు పోపు దగ్గర చిక్కుకుని ఎదురు రాలేకపోయినా, ఆమె ఇంటికి రాకుండా వెళ్లడమన్నది ఎప్పుడూ లేదు. కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది.

"అత్త ఒప్పుకుంది నాన్నా. తుమ్మింది తనేనంట. ఈసారి నేను పొయ్యేటప్పుడు మన గడప తొక్కనంది."

వీరాంజనేయులు రిమోట్ తీసుకుని టీవీ ఆపాడు. గది ఒక్కసారిగా మామూలు గది అయిపోయింది.

"అట్టా అందా?"

"అంది. తేలింది కదా, ఇక వస్తానని చెప్పేదా వాళ్లకి?"

భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"చెప్పు. అత్తకి కూడా ఫోన్ చెయ్. నువ్వు పొయ్యేటప్పుడు అదే ఎదురు రావాల. అది తుమ్మలేదు."

"నీకెట్టా తెలుసు?"

ఆయన కూతురి మడమ వైపు చూశాడు.

"నిన్ను అడవికి పంపాలంటే భయమేసి, నువ్వు ఆగిపోతావని నేనే దొంగతుమ్ము తుమ్మానమ్మా."