సీసాలో వచ్చిన ఎముక

"ఎవరి ఎముక సార్ అది?" అని అడిగింది ప్రేమల.

పళ్ల డాక్టర్ మధుకర్ చేతిలోని చిన్న సీసాను బల్ల మీద పెట్టాడు. అందులో తెల్లటి రవ్వలాంటిది ఉంది.

"చనిపోయినోళ్లు దానం ఇచ్చిందమ్మా. శుద్ధి చేసి పంపుతరు. ఎవరిదో మాకు గూడ చెప్పరు."

ప్రేమల పక్కనే ఉన్న కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నస్రుల్లాబాద్ రోడ్డు మీద బండి జారి పడ్డప్పుడు గోవర్ధన్‌కు ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. అప్పటి నుంచి బాన్సువాడలో తను పనిచేసే సెల్‌ఫోన్ల దుకాణానికి పోవడం మానేశాడు. ఇంట్లో కూడా నోటికి దస్తీ అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు.

"తీసి పెట్టుకునే పళ్లు ఉంటయి కద సార్?"

"ఉంటయి. గీ వయసుల రోజూ పళ్లు తీసి గిలాసల ఏస్తడా?"

"మరి పక్క పళ్లకు కలిపి కట్టేది?"

"బ్రిడ్జి. దానికి అటూ ఇటూ ఉన్న మంచి పళ్లు అరగదీయాలె. ఇంప్లాంట్ అయితే వాటి జోలికి పోయేది లేదు. దవడ ఎముకల స్క్రూ దింపి దాని మీద పన్ను కూసోబెడ్తం. కానీ దెబ్బకు ఎముకనే పోయింది. ముందుగాల అది నింపాలె."

"నా ఎముక తీస్కోండ్రి సార్."

డాక్టర్ నవ్వాడు. "నీదెందుకమ్మా, వాని గదుమ నుంచే, కింది దవడల నుంచే తీయొచ్చు. కాకపోతే ఇంకో కోత."

కోత అనగానే ప్రేమలకు కళ్లు తిరిగాయి.

"సీసలదే పెట్టుండ్రి సార్" అన్నాడు గోవర్ధన్, దస్తీ వెనక నుంచి. "మా అమ్మను అడిగితే నేను ముసలోన్నయినా తెగదు."

పెట్టారు. కుట్లు వేశారు.

ప్రేమలకు దిగులు పట్టుకుంది. కాలిన మనిషి ఎముకలు ఏరి మంజీరలో కలిపితేనే పోయిన ప్రాణానికి దారి దొరుకుతుంది. మరి నీళ్లలో కలవని ఈ ఎముక?

ఎన్నడూ కాకరకాయ ముట్టని కొడుకు ఆ మధ్యాహ్నం ఇంకొంచెం వేయమన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎప్పుడన్న తిన్నవారా ఇది?"

"పళ్లు లేనోనికి ఏది మెత్తగుంటే అదే బిర్యానీ."

ఆమె నవ్వలేదు.

కుట్లు విప్పించుకోవడానికి పోయిన రోజు దవాఖానలో ఒక ముసలామె గోవర్ధన్ పక్కన వచ్చి కూర్చుంది. మాట చూస్తే, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడి కాలువ కింద పొలాలు చేసుకునేవాళ్ల మనిషిలా ఉంది.

"ఎముక పెట్టారా నాయనా? ఒక్కసారి నోరు తెరువు."

గోవర్ధన్ తల్లి వైపు చూశాడు. ప్రేమల చప్పున ఇద్దరి మధ్యా దూరి కూర్చుంది.

"ఎవరవ్వా నువ్వు? మావాని నోరు నీకెందుకు?"

ముసలామె ప్రేమల భుజం మీదుగా గోవర్ధన్ మూతినే చూస్తూ కూర్చుంది, రెప్ప కూడా వేయకుండా.

కొన్ని రోజులకు గోవర్ధన్ అన్నం ముందు కూర్చున్నప్పుడు గడప మీద నీడ పడింది.

"తింటున్నావా నాయనా? నమలగలుగుతున్నావా?"

ప్రేమలకు ఒళ్లు జలదరించింది. ఇల్లు ఎట్లా తెలిసింది?

"మెల్లగ తింటున్న అవ్వా" అన్నాడు గోవర్ధన్. అన్నం తింటున్నాడు కాబట్టి దస్తీ లేదు.

ముసలామె మొహం వెలిగిపోయింది. లోపలికి వచ్చి, వంగి, వేళ్ల కొసలతో అతని పైపెదవి మీద ఎంతో మెల్లగా రాసింది. ఏదో వెతుకుతున్నట్టు.

"చెయ్యి తియ్యి!" అని అరిచింది ప్రేమల. "నీకు కొడుకుల్లేరా? పోయి వాళ్లను చూస్కోపో!"

"చూడ్డానికే వచ్చానమ్మా."

ప్రేమల ఆమె రెక్క పట్టుకుని బయటికి తోసి తలుపు వేసేసింది. మిరపకాయలు, ఉప్పు కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

ఘాటు రాలేదు. అంటే దిష్టి గట్టిదే.

"పాపం ముసల్ది, ఎందుకు నూకినవే?" అన్నాడు గోవర్ధన్.

"పాపమా? నిన్ను మింగేటట్టు చూస్తుంది!"

తర్వాత ముసలామె మళ్లీ కనిపించలేదు. ప్రేమలకు భయం ఇంకా పెరిగింది. బయట లేదంటే, తన ఎముకను వెతుక్కుంటూ వాని లోపలికే వచ్చేసిందేమో! కొడుకు కొత్త పాట ఏది కూనిరాగం తీసినా చెవులు రిక్కించి వినేది.

కొన్ని నెలలకు, ఎముక పట్టిందో లేదో చూసే రోజు రానే వచ్చింది. డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూశాడు.

"మస్తు పట్టింది. ఇగ స్క్రూ దింపుడే."

"వద్దు సార్" అంది ప్రేమల. "ఆ ఎముక తీసేయుండ్రి."

"అమ్మా!" అన్నాడు గోవర్ధన్.

"నువ్వు ఊకో! పళ్లు లేకపోయినా మంచిదే, నా కొడుకు నాకు ఉంటే చాలు. దాని కోసం ఒక ముసల్ది తిరుగుతుంది సార్. మా ఇంటి దాక వచ్చింది. వీని మూతి తడిమింది."

పనిముట్ల పళ్లెం తెస్తున్న నర్సు వనజ ఆగిపోయింది.

"బీర్కూర్ల ఉండే నాగేంద్రమ్మ అవ్వనా?"

"నీకెర్కనా ఆమె?"

"ఈడికి వస్తుండె అక్కా. మీ ఇల్లు గూడ నన్నడిగే తెలుసుకున్నది. ఇగ రాదు. మొన్న మంగళారం నిద్రలనే పోయింది."

ప్రేమల కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"ఎవరామె?"

వనజ పళ్లెం కింద పెట్టింది.

"ఒక్కగానొక్క కొడుకు రోడ్డు మీద పడి పానం పోతే, పదిమందికి పనికొస్తయని వాని ఎముకలు దానమిచ్చిందక్కా, అవి ఎవరికి పెట్టిండ్రో ఎవ్వరూ చెప్పరు గదా, అందుకే ఎముక పెట్టించుకున్నోళ్లు ఎవరు కనవడ్డా, అండ్ల నా కొడుకున్నడేమోనని నోరు తెరిపిచ్చి చూస్కునేది."