బీర్పూర్ సారయ్య కొడుకు

బస్సుకు ఒక్కసారిగా బ్రేకు పడింది.

సీటు కింద పెట్టిన గోనెసంచి మూతి ఊడి, అందులోంచి ఒక పుర్రె దొర్లుకుంటూ వచ్చి సీట్ల మధ్య ఆగింది.

"ఓయవ్వో!" ముందు సీట్లో ఒకామె కేక పెట్టింది.

ఎల్లేశం సిగ్గుతో చచ్చిపోయాడు. అతను వరంగల్‌లో మెడిసిన్ మొదటి సంవత్సరం. అనాటమీ పరీక్ష దగ్గరపడింది. సెలవుల్లో చదువుకుందామని సీనియర్ దగ్గర ఎముకలు అడిగి తెచ్చుకుని, కోరుట్లలోని ఇంటికి పోతున్నాడు.

పక్క సీటు ముసలాయన వంగి పుర్రెను రెండు చేతులతో తీశాడు. భుజం మీది తువాలతో దుమ్ము తుడిచి ఎల్లేశం ఒళ్లో పెట్టాడు.

"పైలంగ పట్టుకో కొడుకా."

"మనిషిదా అది?" కండక్టర్ అరిచాడు. "దిగు, దిగు. పీనుగులను ఎక్కించుకునే బస్సు గాదిది."

"సదువుకునే బొక్కలు అన్నా. డాక్టర్ సదువు."

"సచ్చినోల్ల బొక్కలు జూసి బతికినోల్లకు ఏం వైద్యం జేస్తవ్?" అంది ముందు సీటామె.

ఎల్లేశం పుర్రెను సంచిలో దాచుకున్నాడు.

ముసలాయన ఎవరూ అడగకుండానే చొక్కా చేయి పైకి మడిచి, చెయ్యి చాపాడు.

"నా రెక్క మీద చూపియ్యి. గప్పుడు అందరికి సమజైతది."

ఎల్లేశం సంచిలోంచి చేతి ఎముక తీసి ఆయన చేతి పక్కన పెట్టాడు.

"గీడ మోచేతి ఎనుక సన్నని గాడి ఉన్నది జూడుండ్రి. గా గాడిలకెల్లి నరం పోతది."

వేలితో మెల్లగా నొక్కాడు.

"అబ్బ! చిటికెన ఏలు దాంక జుమ్మన్నది," ముసలాయన నవ్వాడు.

"చెయ్యి ఇరిగి వచ్చినోనికి, నరం యాడున్నదో ఎరుక లేక కట్టు కడితె, చేతి ఏళ్లు సచ్చువడ్తయ్. అందుకే సచ్చినోల్ల దగ్గర నేర్చుకునుడు," అన్నాడు ఎల్లేశం.

బస్సులో ఒక్కొక్కరే తమ మోచేయి తడుముకోసాగారు. కండక్టర్ కూడా తడుముకున్నాడు. మళ్లీ దిగమనలేదు.

జగిత్యాల ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసులు బస్సు ఆపారు. అడవుల్లో నక్సలైట్ దళాలు తిరుగుతున్న రోజులు. ఆ రోడ్డు మీద సంచులు విప్పి చూపడం మామూలే.

ఎల్లేశం సంచి విప్పగానే ఎస్సై అతని కాలర్ పట్టుకున్నాడు.

"ఎవన్ని సంపినవ్‌రా?"

"మెడికల్ స్టూడెంట్‌ను సార్. కార్డు ఉన్నది..."

"గిసొంటి కార్డులు బగ్గ జూసిన. సదువు వరంగల్ల, వైద్యం అడవిల. దిగు."

చెంప మీద దెబ్బ పడింది.

ముసలాయన లేచాడు.

"కొట్టకు సారూ. వాడు నా కొడుకు. గా బొక్కలు నేనే కొనిచ్చిన."

ఎల్లేశం తెల్లబోయాడు.

"నీ పేరేంది?"

"సారయ్య. బీర్పూర్."

దళాల్లోకి మనుషులు పోయిన ఊరని పేరున్న బీర్పూర్ అనగానే ఎస్సై చూపు మారింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాలర్ వదిలాడు.

"పోరడు పోనియ్. నువ్వు దిగు. మీ ఊరి పోలీస్ పటేల్‌ను పిలిపిస్త. నీ మాట నిజమైతే ఇడిసిపెడ్త."

ఈయన తన తండ్రి కాదని ఎల్లేశం అంటే, అబద్ధమాడినందుకు ముసలాయనను ఇక్కడే కొడతారు. అనకపోతే, పటేల్ వచ్చాక ఎలాగూ తెలిసిపోతుంది.

"సార్..." అన్నాడు.

సారయ్య కళ్లతోనే వద్దన్నాడు.

"పో కొడుకా. పరీచ్చ మంచిగ రాయి."

బస్సు కదిలింది.

మర్నాడు ఎల్లేశం బీర్పూర్ వెళ్లి, సారయ్య ఇల్లు అడుగుతూ చేరాడు.

సారయ్య నులక మంచం మీద పడి ఉన్నాడు. పొద్దున్నే ఎవరో బండిలో తెచ్చి వాకిట్లో దించి పోయారట. ఎల్లేశాన్ని గుర్తుపట్టి, ఏదో అనబోయాడు. ఊపిరి అందలేదు.

ఎల్లేశం చొక్కా ఎత్తి పక్కటెముకలు తడిమాడు. ఎడమవైపు కింది ఎముకలు వేళ్ల కింద కదిలాయి. వాటి వెనకే ప్లీహం ఉంటుందని అతనికి తెలుసు. అది పగిలితే నెత్తురు కడుపులో నిండుతుందనీ తెలుసు. కడుపు చెక్కలా ఉంది. లోపల ఎక్కడ ఏముందో అంతా తెలుసు. ఏం చేయాలో మాత్రం ఇంకా ఎవరూ నేర్పలేదు.

"జగిత్యాల దవాఖానకు కొంచవోవాలె అవ్వా. జల్ది," అన్నాడు సారయ్య భార్య కొమురమ్మతో.

బండి కట్టారు.

సగం దారిలో సారయ్య ఊపిరి ఆగింది. ఎల్లేశం నాడి కోసం మణికట్టు చూశాడు, మెడ చూశాడు, మళ్లీ మణికట్టు చూశాడు. వేలు పెట్టిన చోటు సరైనదే.

బండి నిలిచిపోయింది. కొమురమ్మ ఏడవలేదు. కొంగుతో భర్త ముఖం తుడిచింది.

"నేనెవ్వన్నో సుత ఆయనకు ఎరుక లేదు," ఎల్లేశం వెక్కుతూ అన్నాడు. "నా కోసం ఏంటికి అబద్ధమాడిండవ్వా?"

"ఏమన్నడు?"

"నేను ఆయన కొడుకునన్నడు. బొక్కలు ఆయననే కొనిచ్చిండన్నడు."

కొమురమ్మ భర్త చేయిని తన ఒళ్లోకి తీసుకుంది.

"సగమే అబద్ధం కొడుకా," అంది. "మా లక్ష్మీరాజం సుత నీ లెక్కనే డాక్టర్ సదువు సదివిండు, బొక్కలు ఈయననే కొనిచ్చిండు; పోయినేడు పోలీసులు వాన్ని అడవిల కాల్చి సంపి, మాకు వాని ఒక్క బొక్క సుత ఇయ్యలే."