పీకేసిన స్విచ్

"క్వారీ మలుపు దగ్గరికొస్తే చాలు, బండి ఆగిపోతోంది. ఎన్నిసార్లని నెట్టుకు రాను? ఆ స్విచ్ పీకెయ్ బావా," అన్నాడు బావమరిది.

యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే ఇంజన్‌ని ఆపేందుకు ఏటీవీలో, అంటే ఆ నాలుగు చక్రాల మట్టిదారి బండిలో, పెట్టిన స్విచ్ అది. ఊరికే ఆపేస్తోందని మెకానిక్ అయిన బావకీ విసుగే.

"మీ అక్కకి చెప్పకు. నన్ను బతకనివ్వదు," అంటూనే దాని వైర్లు కత్తిరించి, స్విచ్‌ని బల్లమీద పడేశాడు.

బావమరిది ఎక్కగానే బండి చీకట్లోకి దూసుకెళ్లింది. ఈసారి ఇంజన్ ఎక్కడా తడబడలేదు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వింటున్నాడు.

బల్లమీది స్విచ్ టిక్కుమంది.

వైర్లు లేవు దానికి. తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. మళ్లీ టిక్కుమంది, మళ్లీ మళ్లీ, నాడి కొట్టుకున్నట్టు.

దూరాన మలుపు దగ్గర తగ్గాల్సిన ఇంజన్ చప్పుడు పెరుగుతూనే ఉంది.

గుప్పిట్లో స్విచ్ మెల్లగా చల్లబడసాగింది.